దయ్యాలను దాచిన మహానుభావులు

దీపావళికి చిచ్చుబుడ్లు కాల్చని పిల్లలుండరు. నేను మాత్రం ఒక దీపావళికి దయ్యాన్ని కాల్చాను.

నవ్వకండి. జరిగిన సంగతే చెబుతున్నాను. అది 1963వ సంవత్సరం. నాకు పదేళ్ళు. పండుగకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళాము. తెనాలికి నాలుగు మైళ్ళ దూరాన చిన్న పల్లె. మా పెద్ద మేనమామ పడుచుతనంలో ఇల్లు వదలిపెట్టి, గుడారాలు వేసి మూకీ సినిమాలు ఆడించే కంపెనీ ఒకదానితో ఊళ్ళు పట్టి తిరిగాడు. యంత్రం తిప్పటం ఆయన ఉద్యోగం. టాకీలు వచ్చి ఆ కంపెనీ మూతపడినప్పుడు ఆయనకు రావలసిన జీతం కింద ఒక చెక్కపెట్టె చేతిలో పెట్టి పంపించారు. అందులో ఐదారు రేకు డబ్బాలు, డబ్బాల్లో ఫిల్ము చుట్టలు. ఆ పెట్టె అటకమీద ఊరగాయ జాడీల వెనక పడి ఉండేది. ఏ ఏటికాయేడు అమ్మమ్మ దాన్ని చూసి సణుగుతూనే ఉండేది. మామయ్య విననట్టు ఊరుకునేవాడు.

పండుగనాటి మధ్యాహ్నం పెద్దవాళ్ళు నిద్రలు పోతుండగా నేనూ, మా బావా అటక ఎక్కి ఒక డబ్బా దింపాము. బావ నాకంటే రెండేళ్ళు పెద్ద. ధైర్యం నాలుగేళ్ళు పెద్ద. చుట్ట విప్పి ఒక మూర ఫిల్ము ఎండకు పెట్టి చూశాను. నీలంరంగు అద్దిన ఫిల్ము. గడిగడికీ ఒకే బొమ్మ. తలుపు సందున నిలబడిన పొడుగాటి మనిషి. పాలిపోయిన ముఖం, గుంటకళ్ళు. నాకు ఒళ్ళు జలదరించింది.

"దయ్యంరా!" అన్నాను.

"దయ్యమైతే ఇంకా బాగా మండుతుంది," అన్నాడు బావ.

బారెడేసి ముక్కలు తుంచి, కాగితంలో బిగించి చుట్టి, పెరట్లో పెట్టి అగ్గిపుల్ల గీశాము. ఏ చిచ్చుబుడ్డీ అట్లా లేవలేదు. బుస్సుమని మంట, గొంతు పట్టేసే పొగ. చూస్తుండగానే పక్కనున్న చుట్టంతా అంటుకున్నది. భయపడి బావ చెంబుడు నీళ్ళు కుమ్మరించాడు. ఆరలేదు. ఆ తరువాత గంగాళంలో నీళ్ళన్నీ బోర్లించాము. నీళ్ళలో కూడా మండుతూనే ఉన్నది!

మామయ్య లేచి వచ్చేసరికి పెరట్లో మిగిలినది నల్లటి మసి. కొడతాడేమోనని ముడుచుకుపోయాను. కొట్టలేదు. ఆ మసివంక చూస్తూ, "అది మళ్ళీ దొరకదురా," అని మాత్రం అన్నాడు. ఆ మర్నాడే అమ్మమ్మ పట్టు పట్టింది. ఇల్లు తగలబెట్టే పెట్టె ఇంట్లో ఉండటానికి వీల్లేదన్నది. తక్కిన డబ్బాలన్నీ ఫిల్ము కరిగించి వెండి తీసే మనిషికి వెళ్ళిపోయినాయి.

ఆ తెల్లముఖం మనిషి ఎవరో, ఏ సినిమాలో వాడో నేను తెలుసుకోలేకపోయాను. కాని వాణ్ణి వెతుకుతూ వెతుకుతూ, మూకీల కాలపు దయ్యాల సినిమాలంటే ప్రాణం పెట్టే జాతిలో నేనూ ఒకణ్ణయిపోయాను. ఆ జాతి మనుషుల కథే ఇప్పుడు చెప్పబోయేది.

తనను తాను తినే ఫిల్ము

ముందు ఆ మంట సంగతి. 1950 ప్రాంతాల దాకా సినిమాలు తీసిన ఫిల్మును నైట్రేటు ఫిల్ము అంటారు. దూదిని నత్రికామ్లంతో కలిపి చేసే పదార్థం అది. తుపాకి మందుకు దగ్గర చుట్టం. మండటానికి కావలసిన ప్రాణవాయువు దానిలోనే ఉంటుంది కనుక నీళ్ళు పోసినా, ఇసుక కప్పినా ఆరదు. మా పెరట్లో గంగాళం ఓడిపోవటానికి కారణం ఇదే.

నిప్పు తగలకపోతే మాత్రం నిలుస్తుందా అంటే, అదీ లేదు. వేడికీ, చెమ్మకూ బొమ్మ మొదట వెలిసిపోతుంది. తరువాత ఫిల్ము జిగురెక్కి చుట్టలు ఒకదానికొకటి అంటుకుంటాయి. ఆ పైన తేనెలాంటి ద్రవం ఊరుతుంది. చివరకు డబ్బా తీస్తే ఉండేది గోధుమరంగు పొడి. దీనికి తోడు ఫిల్ములో పూసిన వెండికి బజారులో ధర ఉన్నది. టాకీలు వచ్చాక మూకీలను అడిగే నాథుడు లేడు. వాటికి గోదాము అద్దె దండుగ అనుకున్నారు కంపెనీలవారు. కరిగించి వెండి తీసుకున్నారు.

ఫలితం ఏమిటో 2013లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం లెక్క వేయించి చెప్పింది. 1912 నుంచి 1929 దాకా అమెరికాలో తయారైన పెద్ద మూకీ చిత్రాలు సుమారు 11,000. వాటిలో మొదట విడుదలయిన రూపంలోనే నిలిచినవి నూటికి 14. నూటికి 70 పూర్తిగా మాయమయినాయి. ఇంత నష్టంలోనూ కొన్ని దయ్యాలు బతికి బయటపడ్డాయంటే, వాటిని ఎవరో ఎక్కడో దాచిపెట్టారన్నమాట. దాచినవారిలో కంపెనీల యజమానులు అరుదు. గుమాస్తాలు, యంత్రం తిప్పేవాళ్ళు, పాతసామాను కొనేవాళ్ళు, పిచ్చి పట్టిన అభిమానులు - ఎక్కువమంది వీళ్ళే.

మొదటి సైతాను

తెరమీద మొదటి దయ్యాన్ని ఆడించిన పెద్దమనిషి గారడీవాడే కావటం సహజం. ఆయన పారిస్ నగరవాసి జార్జి మెలీయెస్. 1896లో, అంటే సినిమా పుట్టి పూర్తిగా ఏడాది నిండిందో లేదో, "సైతాను కోట" అనే అర్థం వచ్చే పేరుతో మూడు నిముషాల పైచిలుకు చిత్రం ఒకటి తీశాడు. కోటలోకి ఒక గబ్బిలం ఎగిరివస్తుంది. చటుక్కున సైతానుగా మారిపోతుంది. కాగులోంచి ఆడపిల్ల లేస్తుంది. అస్థిపంజరం ప్రత్యక్షమవుతుంది. చివరకు శిలువ చూపగానే సైతాను మాయం. చూసినవారు భయపడ్డారో, నవ్వుకున్నారో గాని, భయానక చిత్రాల వంశవృక్షానికి మొదటి వేరు ఇదేనని చాలామంది అంటారు.

ఆ మెలీయెస్ ఐదువందలకు పైగా చిత్రాలు తీసి, అప్పులపాలై, 1923లో తన నెగటివులను తన చేతులతోనే తగలబెట్టుకున్నాడు. తరువాత ఒక రైలుస్టేషనులో బొమ్మలూ, మిఠాయిలూ అమ్ముకుంటూ కాలం గడిపాడు. ఆ పైన సైతాను కోట పోయిందనే అనుకున్నారు. 1988లో దాని ప్రతి ఒకటి భూగోళానికి అవతలి కొస, న్యూజిలాండులో బయటపడింది! సినిమా తీసిన మనిషే కాల్చేసుకున్నదాన్ని సముద్రాల అవతల ఎవరో కాల్చకుండా ఉంచారు. ఈ వార్త చదివిననాడు మా పెరడు జ్ఞాపకం వచ్చి నాకు అన్నం సయించలేదు.

ఇంట్లో రాక్షసుణ్ణి పెట్టుకుని

ఇంతకంటే తమాషా అయినది ఫ్రాంకెన్‌స్టయిన్ కథ. దీపాల ఎడిసన్ గారి కంపెనీ 1910లో దీనిని ఒక రీలు చిత్రంగా తీసింది. దర్శకుడు జె. సెర్ల్ డాలీ, రాక్షసుడు ఛార్లెస్ ఓగల్. వేషం ఓగలే స్వయంగా వేసుకున్నాడు. పెద్ద కాగులోంచి రాక్షసుడు మెల్లగా ఆకారం దాల్చటం చూస్తే, ఇదేం మాయ అనిపిస్తుంది. మాయ ఏమీ లేదు. ఒక బొమ్మను చేసి తగలబెట్టి, ఆ ఫిల్మును వెనకనుంచి ముందుకు ఆడించారు. కాలి బూడిదయ్యే బొమ్మ తెరమీద బూడిదలోంచి లేచి వచ్చింది.

ఈ చిత్రం కూడా పోయిందనే అందరూ నమ్మారు. 1980లో అమెరికన్ ఫిలిం ఇన్‌స్టిట్యూటువారు, పోయినవాటిలో ముఖ్యమయినవి ఇవీ అని ఒక జాబితా వేస్తే అందులో దీని పేరూ ఉన్నది. కాని అప్పటికే విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక సేకరణకర్త ఇంట్లో దీని ప్రతి, రంగులతో సహా, డబ్బాలో భద్రంగా కూర్చుని ఉన్నది. 1950 ప్రాంతాలలో పాత ఫిల్ములతో పాటు కొన్నాడాయన. దాని విలువ చాలా ఏళ్ళు ఆయనకే తెలియదు. తెలిసిన తరువాత ఎవరికీ ఒక పట్టాన ఇవ్వలేదు. కాపీ కొడతారేమోనని భయం. ఆయన 2005లో పోయారు. 2014లో ఆ సేకరణను కాంగ్రెసు గ్రంథాలయం కొన్నది. బాగుచేసిన చిత్రం 2018లో లోకానికంతటికీ దొరికింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. సేకరణకర్తలంతా త్యాగమూర్తులు కారు. మన పల్లెల్లో తాళపత్ర గ్రంథాన్ని పట్టుగుడ్డలో చుట్టి, పూజామందిరంలో పెట్టి, పండితుడు వచ్చి అడిగినా ముట్టుకోనివ్వని పెద్దలు ఉండేవారు కదా! వారివల్లనే ఆ గ్రంథం నిలిచింది. వారివల్లనే ఎవరూ చదవలేకపోయారు. ఫిల్ముల సేకరణా ఇట్లాంటిదే. దాచే చేతికీ, దాచిపెట్టుకునే చేతికీ తేడా కొద్దిపాటిదే.

కోర్టు వేసిన మరణశిక్ష

ఇక అన్నిటికంటే పెద్ద దయ్యం దగ్గరకు వద్దాం.

1922 మార్చి 4వ తేదీన బెర్లిన్ నగరంలో "నోస్ఫెరాటు" అనే చిత్రం మొదటిసారి ప్రదర్శించారు. దర్శకుడు ఎఫ్. డబ్ల్యు. మూర్నో. కథ బ్రామ్ స్టోకర్ 1897లో రాసిన "డ్రాక్యులా" నవలే. పాత్రల పేర్లు మార్చారు. డ్రాక్యులా ప్రభువు ఓర్లాక్ ప్రభువయినాడు. మార్చనిదల్లా ఒక్కటి - రచయిత కుటుంబం దగ్గర అనుమతి తీసుకోవాలన్న ఆలోచన. అది వారికి రానేలేదు.

ఓర్లాక్ వేషం వేసిన నటుడు మాక్స్ ష్రెక్. జర్మను భాషలో ష్రెక్ అంటే భయం. అది మారుపేరు కాదు, ఆయన ఇంటిపేరే! బోడితల, కోణాలు తేలిన చెవులు, ఎలుకకు మల్లే ముందుపళ్ళు, కొంగకాళ్ళంత గోళ్ళు. అందగాడయిన రక్తపిశాచులు తరువాతి రోజుల్లో వచ్చారు. ఇతను మాత్రం మనిషి రూపంలో నడిచివచ్చే మశూచి. ఓడలో మట్టి నింపిన శవపేటికలతో, ఎలుకలతో ఊళ్ళోకి దిగుతాడు. ఊళ్ళో ప్లేగు పుడుతుంది. చివరకు ఒక ఇల్లాలు తన ప్రాణాన్ని ఒడ్డి కోడి కూసేదాకా అతన్ని తన గదిలో నిలిపివేస్తుంది. తొలి సూర్యకిరణం సోకి పిశాచం పొగయి పోతుంది.

ఎండ తగిలితే రక్తపిశాచి చస్తుందని ఈనాడు చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాని స్టోకర్ నవలలో ఆ సంగతి లేదు. అక్కడ డ్రాక్యులా పట్టపగలు లండన్ వీధుల్లో తిరుగుతాడు. ఎండతో చావు అన్న కల్పన ఈ సినిమాదే.

అప్పటికి స్టోకర్ పోయి పదేళ్ళయింది. ఆయన భార్య ఫ్లారెన్సు లండన్‌లో ఉన్నది. భర్త వదలిపోయిన ఆస్తిలో ఆమెకు నాలుగు డబ్బులు తెచ్చేది ఆ నవల హక్కే. బెర్లిన్ ప్రదర్శన సంగతి తెలియగానే రచయితల సంఘం సహాయంతో వ్యాజ్యం వేసింది. సినిమా తీసిన ప్రాణా ఫిలిం కంపెనీ ఆ ఒక్క చిత్రంతోనే దివాలా తీసింది. వాళ్ళ దగ్గర నష్టపరిహారం రాబట్టే దారి లేదు. చివరకు 1925లో జర్మను కోర్టు తీర్పు చెప్పింది: నెగటివుతో సహా అన్ని ప్రతులనూ నాశనం చేయాలని!

నేను ఈ కథ మొదట విన్నప్పుడు ఆ ముసలమ్మమీద పళ్ళు కొరికాను. ఇప్పుడు కొరకను. సొమ్ము ఆమెది. దొంగిలించినవారు వాళ్ళు. పక్కింటివాడు మన పెరట్లో కొబ్బరికాయలు కోసుకుని అమ్ముకుంటుంటే ఎంత చక్కగా కోశాడో అని మెచ్చుకోగలమా? న్యాయం ఆమె పక్షాన్నే ఉన్నది. అయినా ఆ తీర్పు అక్షరాలా అమలు జరిగి ఉంటే, ప్రపంచంలో గొప్ప చిత్రం ఒకటి మసి అయి ఉండేది. ఈ చిక్కుముడిని ఇన్నేళ్ళుగా విప్పాలని చూస్తున్నాను. విడలేదు.

తీర్పు అమలు కాకపోవటానికి కారణం, అప్పటికే ప్రతులు దేశాలు దాటిపోవటం. ఫ్రాన్సులో ఒకటి, మరోచోట మరొకటి. ఫ్రాన్సులో ఆన్రీ లాంగ్లోయి అనే యువకుడు సినిమాపిచ్చితో దొరికిన ఫిల్మునల్లా పోగుచేసి, మొదట్లో ఇంట్లో స్నానాల తొట్టిలో కూడా పెట్టేవాడని ప్రసిద్ధి. ఆయన 1936లో మిత్రులతో కలిసి స్థాపించిన సినిమాతెక్ అనే సంస్థలో 1922 నాటి నోస్ఫెరాటు ప్రతి ఒకటి, రంగులు అద్దినది, నిలిచింది. దాని ఆధారంతోనే 2006లో చిత్రాన్ని చాలామటుకు మొదటి రూపానికి తెచ్చారు.

ఆ రంగుల సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళు ఈ చిత్రాన్ని నలుపు తెలుపుల ప్రతులలో చూసినవారు, "ఎండకు చచ్చే పిశాచం పట్టపగలు వీధిలో శవపేటిక మోసుకుపోతున్నదేమిటి?" అని నవ్వుకునేవారు. ఆ రోజుల్లో రాత్రి దృశ్యాలను కూడా పగటివెలుగులోనే తీసి, ఫిల్ముకు నీలంరంగు అద్దేవారు. నీలం అంటే రాత్రి, పసుపు అంటే పగలు లేక దీపపు వెలుగు. రంగు పోగానే రాత్రి పోయింది. సేకరణకర్తలు పాత రంగు ప్రతికోసం ఎందుకంత తపిస్తారో ఇప్పుడు తెలిసిందా? రంగు ప్రతి దొరికితే వాళ్ళకు రాత్రి తిరిగి దొరికినట్టే. ఇది చదివాకనే, మా అటకమీది మనిషి రాత్రిపూట తలుపు దగ్గరకు వచ్చాడని నాకు తెలిసింది. నేను అతన్ని చూసినది మిట్టమధ్యాహ్నం ఎండలో.

వెయ్యి ముఖాల మనిషి

అమెరికాలో ఈ వ్యవహారానికి చక్రవర్తి లాన్ ఛేనీ. ఈయన తల్లిదండ్రులిద్దరూ చెవిటివారు. కనుక మాటతో పనిలేకుండా ముఖంతో, చేతులతో మాట్లాడటం ఆయనకు ఉగ్గుపాలతో వచ్చింది. మూకీ నటుడికి ఇంతకంటే ఏం కావాలి?

1925లో వచ్చిన "ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా" ఆయన కీర్తికి శిఖరం. నాటకశాల నేలమాళిగలో ముసుగు వేసుకుని బతికే సంగీత విద్వాంసుడి కథ. అతను ఆర్గన్ వాయించుకుంటుండగా గాయని వెనకనుంచి వచ్చి ముసుగు లాగేస్తుంది. ఆ ముఖం ఆమెకంటే ముందు మనకు కనిపిస్తుంది. విడుదలకు ముందు ఆ ముఖం బొమ్మ ఎక్కడా బయటికి పొక్కకుండా జాగ్రత్తపడ్డారు. హాలులో కొందరు మూర్ఛపోయారని కథలు కథలుగా చెబుతారు.

ఈ చిత్రం తీసిన యూనివర్సల్ కంపెనీ 1948లో తన దగ్గర మిగిలిన మూకీల నెగటివులను నాశనం చేసింది. 1925లో ప్రేక్షకులు చూసిన కూర్పు ఈనాడు మనకు ఉన్నదంటే దానికి కారణం, ఇళ్ళలో చూసుకునేందుకు అద్దెకిచ్చిన 16 మిల్లీమీటర్ల చిన్న ప్రతులే. హాలుకోసం తీసిన పెద్ద ప్రతులు పోయినాయి. ఇంటికోసం తీసిన చిన్నవి బతికాయి. ఇంట్లో వాడిన ఆ చిన్న ఫిల్ము నైట్రేటు కాదు. దానికి నైట్రేటులా భగ్గున మండే గుణం లేదు.

అదే ఛేనీ 1927లో "లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్" అనే చిత్రంలో రంపపుపళ్ళతో, పొడుగుటోపీతో రక్తపిశాచి వేషం వేశాడు. దానికి తెలిసిన చివరి ప్రతి 1965లో ఎం.జి.ఎం. కంపెనీ గోదాములో మంటల పాలయింది. ఈనాడు ఆ చిత్రాన్ని చూసిన మనిషి దొరకడం కష్టం. ఫొటోలు మాత్రం ఉన్నాయి. 2002లో ఆ ఫొటోలనే వరుసగా పేర్చి ఒక రూపం తయారుచేశారు. ఇక దాని గోడపత్రిక ఒకటి 2014లో డల్లాస్ నగరంలో వేలానికి వచ్చింది. ఎంతకు పోయిందనుకున్నారు? 4,78,000 డాలర్లకు! సినిమా పోయింది, దాని కాగితం ముక్కకు కుబేరుడి ధర వచ్చింది. ఉన్నన్నాళ్ళూ అద్దె దండుగ అన్నారు. పోయిన తరువాత వెల కట్టారు.

మూర్ మార్కెట్టు పిశాచం

కొనేవాళ్ళంతా లక్షాధికారులు అనుకోకండి. ఈ పిచ్చి ముదిరినది సామాన్యుల ఇళ్ళలోనే. 1922లో ఫ్రాన్సులో పాతే కంపెనీవారు ఇంట్లో ఆడించుకునే 9.5 మిల్లీమీటర్ల యంత్రం తెచ్చారు. తరువాత కొడక్ 16, ఆపైన 8 మిల్లీమీటర్లు. 1958లో అమెరికాలో మొదలైన "ఫేమస్ మాన్‌స్టర్స్" అనే పిల్లల పత్రిక వెనక పుటల్లో 8 మిల్లీమీటర్ల దయ్యాల రీళ్ళు పోస్టులో పంపుతామని ప్రకటనలు వేసేవారు. కుర్రవాళ్ళు జేబుడబ్బులు కూడబెట్టి తెప్పించుకునేవారు. పెద్దలు ఛీకొట్టిన ఆ సరుకును పరుపుల కింద దాచుకున్న కుర్రవాళ్ళలో కొందరు పెద్దయి చరిత్రకారులయ్యారు.

నేనూ ఆ కోవలో చివరివాణ్ణి. 1976లో మద్రాసులో గుమాస్తాగా ఉన్నప్పుడు మూర్ మార్కెట్టులో ఒక పాత 8 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు కొన్నాను. నెల జీతంలో సగం పోయింది. ఇంట్లో వారం రోజులు కూరల్లో తాలింపు పడలేదు. కొట్టువాడు జాలిపడి ఒక యాభై అడుగుల రీలు ఊరికే ఇచ్చాడు. పేరు కూడా లేదు దానిమీద. ఇంటికి తెచ్చి గోడమీద తెల్లపంచె కట్టి ఆడించాను. నాలుగు నిముషాల బొమ్మ. ఆర్గన్, ముసుగు, వెనకనుంచి వచ్చే ఆడమనిషి చెయ్యి... లాన్ ఛేనీ!

ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. నా రీలు మాత్రం బీరువాలో ఉన్నది.

ఈ సినిమాలన్నీ ఇప్పుడు చేతిలో ఫోనులోనే చూడవచ్చు కదా, ఇంకా ఈ డబ్బాలెందుకని మా అబ్బాయి అడుగుతుంటాడు. నిజమే. కాని గది చీకటిచేసి, యంత్రం టకటకలాడుతుంటే, దీపం వేడికి ఫిల్ము వాసన వస్తుంటే, గోడమీద ఆ ముఖం వణుకుతూ కనిపిస్తుంటే, అది వేరు. మాట లేని సినిమాలో దయ్యం ఎప్పుడు వస్తుందో చెప్పే చప్పుడు ఉండదు. భయం మన గుండెచప్పుడులోంచే రావాలి. పైగా ఆ దయ్యాలకు భాష లేదు. జర్మనువాడి పిశాచం తెనాలి కుర్రవాణ్ణి తర్జుమా లేకుండా భయపెట్టగలదు. ఇంకొక సంగతి - ఈ డబ్బా నా చేతిలో ఉన్నంతకాలం దాన్ని చెరిపేసే అధికారం ఏ కంపెనీకీ లేదు.

పోయిన సంక్రాంతికి మా మనవరాలు వచ్చింది. తొమ్మిదేళ్ళది. ఫోనులో ఎంతటి భూతాన్ని చూసినా కన్ను ఆర్పని రకం. రీలు ఆడించాను. ముసుగు ఊడింది. జడుసుకుంటుందేమోనని చూశాను. అది జడుసుకోలేదు.

"పాపం తాతయ్యా! ముఖం చూపించటం ఆయనకు ఇష్టం లేదుగా. ఆవిడ ఎందుకు లాగింది?" అన్నది.

నలభై ఎనిమిదేళ్ళుగా ఆ నాలుగు నిముషాలు చూస్తున్నాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. దాచి ఉంచినందుకు నాకు ముట్టిన కూలి అది.

మన అటకల సంగతి

ఇదంతా పరాయి దేశాల భాగోతమని తీసిపారేయకండి. మన దేశంలో సుమారు 1,300 మూకీలు తయారయినాయి. తునకలతో కలిపి లెక్కవేసినా నిలిచినవి 30కి మించవు. బందరు నుంచి మద్రాసు వెళ్ళి సినిమాకు జీవితం ధారపోసిన రఘుపతి వెంకయ్యగారు, వారి కుమారుడు ప్రకాశ్ కలిసి 1921లో "భీష్మ ప్రతిజ్ఞ" తీశారు. తెలుగువారి తొలి చిత్రం అది. ఈనాడు దాని ఫిల్ము ఒక మూర కూడా మనకు లేదు. దాన్ని తగలబెట్టమని ఏ కోర్టూ తీర్పు చెప్పలేదు. ఏ విధవరాలూ వ్యాజ్యం వేయలేదు. దాచాలని ఎవరికీ తోచలేదు, అంతే. మరణశిక్ష పడిన జర్మను పిశాచం బతికింది. ఏ నేరమూ చేయని మన భీష్ముడు పోయాడు.

1964లో పూనాలో జాతీయ ఫిలిం భాండాగారం పెట్టినప్పుడు పి.కె. నాయర్ గారనే ఆయన ఊరూరూ తిరిగి ఫిల్ములు పోగుచేశారు. నాసిక్‌లో ఫాల్కేగారి కుటుంబం దగ్గర "రాజా హరిశ్చంద్ర" రీళ్ళు దొరికింది ఆయనకే. మా అమ్మమ్మ మా పెట్టెను బయటికి పంపించిన మరుసటి సంవత్సరమే ఆ భాండాగారం వెలిసింది. ఒక్క ఏడాది!

అందుచేత చదువరులకు నా మనవి ఒకటే. మీ తాతగారో, మేనమామగారో టూరింగ్ టాకీసులో పనిచేసి ఉంటే, అటకమీద తుప్పుపట్టిన రేకు డబ్బా ఉంటే, పారేయకండి. దీపం దగ్గరకు తేకండి, ఎండలో పెట్టకండి, సొంతంగా ఆడించి చూడబోకండి. అది నైట్రేటు అయితే ఇల్లు దక్కదు. చల్లటి చోట, పిల్లలకు అందకుండా ఉంచి, తెలిసిన భాండాగారంవారికి ఒక ఉత్తరం ముక్క రాయండి.

పిల్లలకు అందకుండా అన్నమాట మాత్రం మరువకండి. ముఖ్యంగా దీపావళినాడు.